బొంత ధర పెంచాం, పోస్టుకార్డు ధర పెంచలేదు

అందరికీ నమస్కారం. ఈసారి కొత్త డిజైన్ల కంటే ముందు డబ్బుల సంగతి మాట్లాడాలి. కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు: విశాఖ పెదవాల్తేరులో మా మేడ మీద గదిలో నూలు చీరలతో, చేతికుట్టుతో బొంతలు తయారు చేస్తాం. దాంతో పాటు ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు ఉండే గుడ్డ పోస్టుకార్డులు కూడా చేస్తాం. వెనక అడ్రసు రాసి, స్టాంపు అంటించి నిజంగానే డబ్బాలో వేయొచ్చు. "సింగిల్ మంచం బొంత 6,500 ఉండేది కదండీ, ఇప్పుడు 9,000 ఏమిటి?" అని వాట్సాప్‌లో చాలామంది అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు లెక్కంతా ఇక్కడే పెట్టేస్తున్నాను.

సింగిల్ మంచం బొంత అంటే 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు. అంగుళానికో వరస చొప్పున నిలువుగా కుడితే 60 వరసలు. ఒక్కో వరస ఏడున్నర అడుగులు, అంటే మొత్తం 450 అడుగుల కుట్టు. అంగుళానికి ఐదు కుట్లు పడితే 27,000 కుట్లు. సూది ప్రతిసారీ ఐదారు పొరలు దాటాలి. ఇదంతా ముక్కలు కత్తిరించి, రంగులు జత చేసి, పై గుడ్డ తయారయ్యాక మొదలయ్యే పని. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని రోజూ మధ్యాహ్నం కుడితే బొంత దిగేసరికి నెల దాటుతుంది.

6,500లో వాళ్ల కూలి 4,000, లోపలి గుడ్డ, అడుగు గుడ్డ, దారం కలిపి 1,200, ఉతుకు, ప్యాకింగ్, పార్సిల్ 500. ఇక పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలు దాటిన బొంత మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతం అయింది. పాత ధరలోనే పన్ను కలిసి ఉంది కాబట్టి 6,500లో దాదాపు 990 అటే పోతుంది. అన్నీ కూడితే 6,690. అంటే బొంత అమ్మిన ప్రతిసారీ నేనే ఎదురు 190 పెట్టుకున్నట్టు. కొన్న గుడ్డ మీద కట్టిన పన్ను కొంత సర్దుబాటు అవుతుంది, దాన్ని ఇందులో కలపలేదు. అలాగని నా డిజైన్ పని, గది కరెంటు కూడా కలపలేదు. కాబట్టి దానికీ దీనికీ సరిపోయిందనుకోండి.

కొత్త ధరలో కూలి 4,800 చేశాను. సరుకు 1,300, మిగతా ఖర్చులు 600, పన్ను సుమారు 1,370. నాకు తొమ్మిది వందల చిల్లర మిగులుతుంది. ఇంకాస్త తక్కువకు రాదా అంటే వస్తుంది. మెషీన్ మీద కుట్టేస్తే మూడు రోజుల పని. కానీ మెషీన్ కుట్టు పొరల్ని బిగించేస్తుంది, బొంత అట్టలా నిలబడుతుంది. మీకు అదే నచ్చితే పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల మంచివి దొరుకుతాయి, ధర కూడా బాగుంటుంది. నిజంగానే చెబుతున్నాను, అవి తీసుకోండి.

పసిపిల్లల బొంత ధర మాత్రం కదల్లేదు, 1,900 రూపాయలే. 2,500 లోపు వాటికి పన్ను 5 శాతమే కాబట్టి అక్కడ మాకు ఊపిరాడింది. మీ ఇంటి చీరలే ఇచ్చి కుట్టించుకుంటే అది కుట్టుకూలి లెక్క, దాని బిల్లు వేరు. పుట్టిన బిడ్డకు మొదట పాత గుడ్డే వేయాలని మన ఇళ్లలో అంటారు కదా, అందుకని అమ్మమ్మల చీరలు పట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లకు బేరం ఉండదు, కంగారు మాత్రం బాగా ఉంటుంది. నెలలు నిండాక వచ్చి "వచ్చే వారానికి కావాలండీ" అంటారు. దయచేసి సీమంతం అప్పుడే చెప్పండి.

చీరల విషయం కాస్త వివరంగా చెప్పాలి, గొడవలన్నీ అక్కడే వస్తున్నాయి. నూలు చీర, ఎంత పాతదైతే అంత మంచిది. మంగళగిరి, వెంకటగిరి, మామూలు వాయిలు చీరలు, పంచెలు, తువ్వాళ్లు అన్నీ పనికొస్తాయి. పాలిస్టర్ వద్దు. మా దగ్గర చేతికుట్టు వేసే పెద్దావిడ దాన్ని ముట్టుకోగానే "ఇది సూదికి నిలవదమ్మా, జారిపోతంది" అని పక్కన పెట్టేస్తుంది. చెమట పీల్చదు, పొరల మధ్య ఒక్క పాలిస్టర్ ముక్క ఉన్నా అక్కడ ముడత లేస్తుంది. జరీ చీరలు కూడా బొంతకు వద్దు. ఒంటికి గుచ్చుకుంటాయి, ఈ ఉప్పుగాలికి నల్లబడతాయి. కొన్నాళ్ల క్రితం ఒకావిడ వాళ్ల అమ్మగారి పెళ్లి పట్టుచీర తెచ్చి బొంత చేయమన్నారు. మడతల దగ్గర పట్టు పొడిపొడిగా విరుగుతోంది. కుట్టనని చెప్పాను. కోపం వచ్చింది ఆవిడకి. చివరికి కొంగులో బాగున్న భాగంతో ఆరు పోస్టుకార్డులు చేశాం, అక్కచెల్లెళ్లు పంచుకున్నారు.

రంగు దిగే చీర ఇంకో తలనొప్పి. మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు. తెల్ల గుడ్డ తడిపి చీర మీద పరిచి వేడి ఇస్త్రీ పెట్టండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే ఆ చీర మాకు వద్దు. అలాంటి ఒక్క ముక్క చాలు, మొదటి ఉతుక్కే పక్క ముక్కలన్నిటినీ పాడు చేస్తుంది.

ఇంకో మార్పు: జులై నుంచి అక్టోబరు దాకా పెద్ద బొంతల ఆర్డర్లు తీసుకోం. ఐదారు పొరల నూలు తడిస్తే వానాకాలంలో మూడు రోజులైనా లోపల ఆరదు, ముక్కిపోయిన వాసన వస్తుంది. మా ఊళ్లో గుండుసూది గుడ్డలో వదిలేసి పడుకుంటే పొద్దునకి తుప్పు చుక్క తయారు. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే ఆ మరక పోతుంది, దాంతో పాటు చీర రంగు కూడా పోతుంది. అందుకే గుండుసూదులు మానేసి పొరలన్నీ తర్వాత విప్పేసే కచ్చా కుట్టుతోనే పట్టిస్తున్నాం, పని ఆలస్యమైనా సరే. ఇక అక్టోబరంటే ఈ ఊరికి ఎప్పుడూ టెన్షనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఎన్ని రోజులు కరెంటు లేకుండా గడిపామో విశాఖ వాళ్లకు చెప్పక్కర్లేదు. వేరేవాళ్ల ఇంటి చీరలు ఆ నెలలో నా గదిలో గుట్టగా ఉంటే నాకు నిద్ర పట్టదు.

కొత్తగా ఏం చేస్తున్నారని అడిగేవాళ్లకు: ఈ మధ్య కవంది అనే బొంతల పద్ధతి పట్టుకున్నాను. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు ఉండే సిద్దీ (ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు) ఆడవాళ్ల పని అది. మనం మధ్యలో మొదలుపెట్టి బయటికి వస్తాం, వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. ముక్కల్ని ముందే కలిపి కుట్టి ఉంచుకోరు, అడుగు గుడ్డ మీద ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోతారు. అంచు మొదట్లోనే మడిచేస్తారు కాబట్టి చివర్లో పట్టీ వేసే పని ఉండదు. నాలుగు మూలలకూ ఫూల అని చిన్న మడత ముక్కలు పెడతారు, అవి లేకపోతే కవంది నిండుగా ఉన్నట్టు కాదు వాళ్ల దృష్టిలో. నాకు ఇందులో నచ్చింది, కష్టం అనిపించింది రెండూ ఒకటే: ముందుగా గీసుకునే డిజైన్ ఉండదు. అందుకని ఈ రకం బొంతలకు ఆర్డరు తీసుకోలేను. పూర్తయ్యాక ఫొటో పెడతాను, నచ్చినవాళ్లు తీసుకోండి. "ఇలాంటిదే పసుపులో చేయండి" అంటే మాత్రం కుదరదు.

ఇక పోస్టుకార్డులు. దాచడానికేముంది, గత ఏడాది ఇల్లు గడిచింది వీటి మీదే. కార్డు 250 రూపాయలు, అది అలాగే ఉంటుంది. సరుకు ఖర్చు తక్కువ, బొంతల్లో మిగిలిన ముక్కలే పై బొమ్మ అవుతాయి. మధ్యలో బక్రమ్ (కాలర్లలో పెట్టే గట్టి గుడ్డ), వెనక గంజి పెట్టిన తెల్ల గుడ్డ, చుట్టూ దగ్గరదగ్గరగా జిగ్‌జాగ్. బొంత పని ఇద్దరి చేతుల్లో నెల పైన సాగితే, కార్డు ఒక సాయంత్రం నేనొక్కదాన్నే కూర్చుని చేసేది. బొంతలో వేయడానికి ధైర్యం చాలని రంగుల జతలు ముందు కార్డులో వేసి చూస్తాను. బాగా రాకపోతే పోయింది ఆరంగుళాల గుడ్డే.

అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడయ్యేది బీచ్‌లోని కుర్సురా సబ్‌మెరైన్. 2002లో మ్యూజియం అయినప్పటి నుంచి ఈ ఊరికి వచ్చిన ప్రతి చుట్టమూ దాని ముందు ఫొటో దిగాల్సిందే, అందుకని అందరికీ అదే కావాలి. దానికి పాడైపోయిన నల్ల గొడుగు గుడ్డ వాడతాను. తడిసినట్టు మెరుస్తుంది, ఇస్త్రీ మాత్రం చాలా సన్నటి వేడి మీద చేయాలి. నాకు ఇష్టమైనది ఎర్రమట్టి దిబ్బలు. భీమిలి దారిలో ఉన్న ఆ దిబ్బల రంగు పెడన కలంకారీ ఎరుపులో ఉన్నంతగా ఇంకే గుడ్డలోనూ నాకు దొరకలేదు. ఉతికి ఉతికి వెలిసిన కలంకారీ దుప్పటి ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకండి, నాకు ఇవ్వండి, బదులుగా కార్డు ఇస్తాను. బొంతకు వద్దన్న జరీ కూడా ఇక్కడ పనికొస్తుంది. నల్లబడిన జరీ అంచు డాల్ఫిన్స్ నోస్ కొండ కింద తడిరాయిలా కూర్చుంటుంది.

సముద్రం గురించి ఒక మాట. "ఇంకా నీలంగా చేయండి" అని మెసేజ్‌లు వస్తుంటాయి. వానాకాలంలో ఆర్కే బీచ్‌లో నిలబడి చూడండి. బూడిద రంగు, మధ్యలో ఆకుపచ్చ, ఒడ్డు దగ్గర టీ రంగు. నేను వెలిసిపోయిన గళ్ల లుంగీలతో చేసే సముద్రం అది. ముదురు నీలం కావాలంటే జనవరి నెల కార్డులు ఉన్నాయి, అవి తీసుకోండి, నీలం లుంగీకి కొదవ లేదు.

పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు రిటర్న్ గిఫ్టుగా ఒకే బొమ్మతో మూడు వందల కార్డులు కావాలని అడుగుతున్నారు. డబ్బు మంచిదే, కాదనను. కానీ ఒకే కార్డు మూడు వందలసార్లు చేయాలంటే తానులు కొనాలి, మెషీన్‌తో కోయించాలి. అప్పుడు అది ప్రింటింగ్ ప్రెస్సు చేసే పనే, అక్కడైతే మీకు పదో వంతు ధరకు వస్తుంది. ఒకే రంగుల వరసలో వేర్వేరు బొమ్మలతో ముప్పై దాకా చేయగలను. అంతకు మించి వద్దు.

పోస్టు చేసే పద్ధతి చాలామందికి తెలియడం లేదు. 1879 జులై 1న పావు అణాకు మొదలైన మన దేశపు పోస్టుకార్డు ఇవాళ్టికీ 50 పైసలే, కానీ ఆ 50 పైసల ధర పోస్టాఫీసు వాళ్ల అట్ట కార్డుకి. మా కార్డు మందంగా ఉంటుంది కాబట్టి ఉత్తరం లెక్కన పంపుతాం. 20 గ్రాముల లోపు ఐదు రూపాయల స్టాంపు. స్టాంపు వెనక ఉన్న జిగురు గుడ్డకు అంటదు, ఫెవికాల్ రాయండి. రాయడానికి బాల్‌పెన్, జెల్ పెన్ అయితే వాన చినుకు తగలగానే అడ్రసు పోతుంది. డబ్బాలో వేసే బదులు కౌంటర్‌లో ఇచ్చి ముద్ర చేత్తో వేయమని అడగండి, చాలామంది సరదాగానే వేస్తారు. కవరులో పెట్టాలా అంటే మీ ఇష్టం. కవరు లేకుండా వెళ్తే కొంచెం మాస్తుంది, మూల నలుగుతుంది. నేనైతే కవరు లేకుండానే పంపుతాను. ముద్ర పడని కార్డు నాకు సగం కార్డే. అలా మాసిందని డబ్బు వాపసు అడిగితే మాత్రం ఇవ్వలేను.

అమెరికాలో ఉన్నవాళ్లకు: మీరు ఆగి ఉన్న సంగతి నాకు గుర్తుంది. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. దానికి కాస్త ముందే ఇక్కడి నుంచి పోస్టు ఆగిపోయి అక్టోబరు మధ్యలో మళ్లీ మొదలైంది. ఇప్పుడు సుంకం ఇక్కడ బుక్ చేసేటప్పుడే కట్టాలి. అది బొంత ధర మీద పడుతుంది, నేను భరించలేను. ఆర్డరు ఇచ్చే ముందు ఆ రోజు లెక్క ఎంతో అడగండి, కనుక్కుని చెబుతాను. చాలామంది పండక్కి వచ్చే వాళ్ల చుట్టాల సూట్‌కేసుల్లో తెప్పించుకుంటున్నారు. అంతకంటే తేలికైన దారి నాకూ తెలియదు.

పెద్ద బొంతల ఆర్డర్లు నవంబరులో తెరుస్తాం. ఆర్డరు ఇచ్చేటప్పుడు సగం అడ్వాన్సు. జూన్ లోపు ఆర్డరు ఇచ్చినవాళ్లకు పాత ధరే, అందులో మార్పు లేదు. చీరలు ఇవ్వాలనుకునేవాళ్లు శనివారం మధ్యాహ్నం రండి. ఉతికి బాగా ఆరబెట్టి తెండి, ఇస్త్రీ అక్కర్లేదు. ఫాల్ మాత్రం మీరే విప్పి తీసుకురండి, ఆ పనికి మా దగ్గర మనిషి లేదు.