నలికిరి పుర్రెని ఎటువైపు నుంచి చూడాలి

చిన్నీ,

ఫోన్లో చెప్తే ఎముకల పేర్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, అందుకే రాస్తున్నాను.

నలికిరి పుర్రెలన్నీ ఒకేలా ఉన్నాయి, ఏం పోల్చాలో తెలియట్లేదని టెన్షన్ పడుతున్నావు. పైనుంచి చూస్తే ఎవరికైనా అంతే. వీటి చర్మంలో పుట్టే ఎముక పలకలు, అంటే ఆస్టియోడర్ములు, నడినెత్తి మీద అసలు ఎముకలకు అతుక్కుపోతాయి. పొలుసుల అచ్చులూ అక్కడే పడి ఉంటాయి. ఆ గీతలే ఎముకల అతుకులనుకుని బొమ్మ గీశావంటే ఇక అంతా తప్పే. ముందు పుర్రెని వెల్లకిలా తిప్పు.

అసలు సంగతి అంగిలిలో ఉంది. 1970లో సరీసృపాల శాస్త్రవేత్త ఆలెన్ గ్రీర్ నలికిరుల కుటుంబాన్ని ఉపకుటుంబాలుగా విడదీసినప్పుడు నుదురు, అంగిలి ఎముకల మీద బాగా ఆధారపడ్డాడు. లైగోసోమినే అనే ఉపకుటుంబంలో నుదుటి ఎముక ఒక్కటే, అంగిలిలోని రెండు పాలటైన్ ఎముకలు మధ్యగీత దగ్గర కలుసుకుంటాయి. దాంతో ముక్కు నుంచి వచ్చే గాలి దారి కొంత వెనక్కి జరుగుతుంది. సిన్సినే అనే ఇంకో ఉపకుటుంబంలో సాధారణంగా నుదుటి ఎముకలు జంటగా, పాలటైన్లు ఎడంగా ఉంటాయి. కానీ జంట నుదుటి ఎముకలు పూర్వీకుల నాటి లక్షణం. అది రెండు జాతుల్లో మిగిలి ఉన్నంత మాత్రాన అవి దగ్గరి బంధువులైపోవు. నీ రిపోర్టులో ఈ మాట తప్పకుండా ఉండాలి, చాలామంది ఇక్కడే జారిపోతారు.

ముట్టె చివర ప్రీమాక్సిలా, అంటే పై దవడలో ముందు పళ్లుండే ఎముక, అది కూడా చూడు. చాలా బల్లుల్లో అది ఒకటే ఎముక, నలికిరుల్లో మాత్రం సాధారణంగా రెండు.

ఇక బతుకుతెరువు వల్ల వచ్చిన తేడాలు వేరే లెక్క. ఆస్ట్రేలియాలోని టిలిక్వా అనే నలికిరులకు నత్తల్ని నలిపే మొద్దు పళ్లు, బరువైన దవడలు. అక్కడే గులాబి నాలుక నలికిరికి దవడ వెనకవైపు ఒక పన్ను మిగతావాటిని మించి సుత్తిలా ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పుర్రె అదే! దక్షిణాఫ్రికాలో ఇసుకలో దూరే అకోంటియాస్ అనే నలికిరికి కాళ్లే లేవు, పుర్రె బిగువుగా, కుదురుగా ఉంటుంది. ఈ కుటుంబంలో కాళ్లు పోవడం వేర్వేరు శాఖల్లో పదేపదే జరిగింది. కాబట్టి రెండు బొరియ జీవుల పుర్రెలు ఒకేలా కనిపిస్తే చుట్టరికం అనేయకు, చేసే పని ఒకటి కావడం వల్ల కూడా అలా అవుతుంది.

వయసు కూడా రాసుకో. పిల్ల నలికిరికి కంటి గుంత, మెదడు పెట్టె తలతో పోలిస్తే పెద్దవి. చిన్న పరిమాణపు జాతుల్లో పెద్దవాటికీ అదే పోలిక వస్తుంది. పిల్లని ఒక జాతి నుంచీ, పెద్దదాన్ని ఇంకో జాతి నుంచీ తీసుకుని కొలిస్తే నీకు దొరికేది వయసు తేడా మాత్రమే. కొలతలన్నీ పుర్రె పొడవుతో భాగించి రాయి.

ఎండిన నమూనాలో క్వాడ్రేట్, అంటే కింది దవడని పుర్రెకి కలిపే ఎముక, ఊడిపోతే కంగారుపడకు. బతికుండగా కూడా అది కదిలే ఎముకే, కణత దగ్గర కింద దాన్ని పట్టి ఉంచే ఎముక కమాను బల్లుల్లో లేదు. ఏ వైపుదో రాసి డబ్బాలో విడిగా పెట్టు.

అంగిలి వైపు ఫొటో తీసి పంపు. కింది దవడ లోపలి వైపుది కూడా ఒకటి కావాలి. అక్కడ పొడవునా ఉండే మెకెల్ గాడి తెరిచి ఉందో, పళ్లుండే డెంటరీ ఎముక దాన్ని మూసేసిందో చూశాకే అది ఏ గుంపుదో మాట్లాడుకుందాం.

అమ్మ