నీటి స్తంభం గురించి నాన్నగారికి

యార్క్‌షైర్, ఇంగ్లండ్
ఫిబ్రవరి 12

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది. మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయని తమ్ముడు చెప్పగా విని ఊరట చెందాను.

ఆవిరి ఇంజన్లను ఇప్పటికీ నడిపే ఆ పాత రైలు మార్గంలో శనివారాల్లో నేను చేసే పనేమిటో వివరంగా రాయమన్నారు. ఇంజన్లకు నీళ్లు పట్టే స్తంభాన్ని, ఎత్తున ఉన్న ఇనుప తొట్టిని, వాటి గొట్టాలను చూసుకోవడమే నా పని. పాకాలలో మీటరు గేజీ రోజుల్లో మీరు చేసిన పనే నాకూ దక్కిందని సంతోషంగా ఉంది. మన దేశంలో 1972 వరకు కొత్త ఆవిరి ఇంజన్లు తయారైతే, ఇక్కడి ప్రధాన మార్గాల్లో 1968 ఆగస్టుతోనే ఆవిరి బండ్లు ఆగిపోయాయి. అందువల్ల విడిభాగాలు బజారులో దొరకవు, మేమే పోత పోయించుకోవాలి.

అలా పోయించవలసిన అవసరం నా వల్లనే వచ్చింది. జనవరి చివర ఒక రాత్రి చలి సున్నాకు 8 డిగ్రీలు దిగువకు పడిపోయింది. తెల్లవారి వెళ్లేసరికి స్తంభం మెడ వంపు దగ్గర జానెడు పొడవున బీట వారి ఉంది. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, పోత ఇనుము ఆ ఒత్తిడికి సాగలేక పగులుతుంది. అందుకే వాల్వు కట్టిన తరువాత స్తంభంలో మిగిలిన నీరు కారిపోయేలా అడుగున చిన్న రంధ్రం పెడతారు. పూర్వం చలికాలంలో పక్కనే బొగ్గు కుంపటి కూడా వెలిగించి ఉంచేవారు. నేను గుంటలోకి దిగి తడిమి చూస్తే, చిటికెన వేలు పట్టని ఆ రంధ్రం తుప్పు రజనుతో, కుళ్లిన ఆకులతో పూడిపోయి ఉంది. ఆకు రాలే కాలంలో ఒక్కసారి ఇనుప తీగతో పొడిచి ఉంటే సరిపోయేది. అది నా వంతు పని, నేను మరిచాను. ఆ బీట చూసినప్పుడల్లా ఇంకా మనసు చివుక్కుమంటుంది.

వాల్వు విషయంలో మాత్రం మీ మాట తప్పలేదు. ఇక్కడ పెద్ద ఇంజను వెనుక బొగ్గు, నీళ్లు మోసే టెండరు బండిలో 4000 గ్యాలన్లు, అంటే సుమారు 18,000 లీటర్లు పడతాయి. అంత నీటిని త్వరగా నింపడానికి వేసిన లావుపాటి గొట్టంలో ప్రవాహాన్ని ఒక్కసారిగా ఆపితే, ఆ వేగమంతా సమ్మెట దెబ్బలా వెనక్కి తన్ని కీళ్లను వదులు చేస్తుంది. చక్రాన్ని నిదానంగా, చివరి రెండు చుట్లు మరీ నిదానంగా తిప్పాలని కొత్తగా వచ్చిన కుర్రవాళ్లకు మీరు చెప్పినట్లే చెబుతున్నాను.

ఈ లోయ నీరు సున్నపురాతి గుండా వస్తుంది. మన ఇంట్లో నీళ్లు కాచే బిందె అడుగున కట్టే తెల్లటి పెచ్చులాంటిదే బాయిలరు లోపలా పేరుకుంటుంది కనుక, నీటికి మందు కలిపి, దిగిన మడ్డిని ఎప్పటికప్పుడు బయటికి వదులుతాం.

కొత్త మెడ వచ్చే నెల వస్తుంది. దానికి తోలు వాషరు నేనే కోయాలి. ఇక్కడివారు తోలును పశువుల కొవ్వులో నానబెడతారు. మీరు ఆముదం వాడేవారని గుర్తు. ఎన్ని రోజులు నానబెట్టేవారో, నూనెను ముందుగా వెచ్చబెట్టేవారో లేదో దయచేసి రాయండి.

మీ కుమారుడు