వీపు మీద ఆ నాలుగు గీతలకు కృతజ్ఞతలు

నెల్లూరులో మా కాన్పుల గదిలో, అల్ట్రాసౌండ్ మిషన్ పక్కన ఎపిడ్యూరల్‌కి (కాన్పు నొప్పి తగ్గించడానికి నడుములో ఇచ్చే మత్తు ఇంజెక్షన్) చోటు గుర్తించే వరస తెలుగులో రాసిన కాగితం అంటించి, పేరు పెట్టకుండా వెళ్లిన సార్‌కో మేడమ్‌కో నమస్కారాలు.

లావుగా ఉన్న తల్లుల్లో నడుము తడిమి ఎపిడ్యూరల్‌కి చోటు లెక్కేస్తే, అనుకున్నదానికంటే ఒక పూస పైకి పోవడం మామూలే. మీ వరసలో ఆ తప్పు తగ్గుతుంది. 2–5 మెగాహెర్ట్జ్ వంపు ప్రోబ్‌ని (మిషన్‌కుండే, ఒంటికి ఆనించే పరికరం) త్రికాస్థి (వెన్ను అడుగున ఉండే ఎముక) మీద, మధ్యకు కాస్త పక్కగా నిలువునా పెట్టాలి. తెరమీద తెగని తెల్లగీత కనబడ్డాక పైకి జరుపుతూ, రంపం పళ్లలా కనిపించే పూసల మధ్య సందుల్ని ఒక్కోటీ లెక్కపెట్టి, ఎల్3–4 (నడుములో మూడో, నాలుగో పూసల మధ్య సందు) దగ్గర ప్రోబ్ అడ్డం తిప్పాలి. నల్లనీడ పడితే అది వెన్నుముల్లు, అంటే పూస వెనక పొడుచుకొచ్చే ఎముక. ఇంకాస్త జరిపితే రెండు తెల్లగీతలు. ఎపిడ్యూరల్ చోటు పైగీత దగ్గరే, అందుకే అక్కడిదాకా లోతు కొలవాలి. ప్రోబ్ నొక్కుడికి కొవ్వు అణిగి కొలత తక్కువ చూపిస్తుందని ఎర్రసిరాతో రాశారే, అదీ అసలు సంగతి! అందుకే సూది కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువే అడుగుతుంది.

ప్రోబ్ వంచిన కోణమే సూది కోణం. ప్రోబ్ నాలుగు వైపులా చర్మం మీద గీతలు పెట్టాక తల్లి కదిలిందా, చర్మం జారి గుర్తు దండగ. జెల్ పూర్తిగా తుడిచాకే క్లోరెక్సిడిన్ (క్రిములు చంపే మందు), అదీ ఆరాకే సూది. కొలత 5 సెంటీమీటర్లొస్తే 4 దగ్గరే స్టైలెట్ (సూది లోపలి సన్నటి కడ్డీ) తీసి సెలైన్ సిరంజి తగిలించాలి. చివరికి చోటు తేల్చేది, సిరంజి నొక్కుడు ఒక్కసారిగా తేలికవడం పసిగట్టే బొటనవేలే.

కాగితం జెల్ మరకలతో పాడవుతుంటే లామినేషన్ చేయించాం. ఈసారి ఇటొస్తే చెప్పండి, మలైకాజా మా బాకీ.