గేటు దగ్గరి ఫ్లెక్సీ గురించి కొంచెం మాట్లాడుకుందాం

పేరెంట్స్ అందరికీ నమస్కారం,

ఈ నెల లెటర్ లేటయింది, పేపర్లు దిద్దడంలో మునిగిపోయాం, ఏమనుకోకండి. మార్కుల సంగతి ప్రోగ్రెస్ కార్డులో చూసుకుంటారు కాబట్టి ఇక్కడ రాయను. ఈసారి వేరే విషయం ఒకటి, మన గేటు మీది ఫ్లెక్సీలో ఎవరెవరి ఫోటోలు ఉండాలన్నది, చాలా రోజులుగా మనసులో తిరుగుతోంది, అది రాస్తా.

పోయిన నెల ఎనిమిదో క్లాసు పిల్లాడొకడు కబడ్డీ ఆడుతూ పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వాళ్ళ నాన్న లారీ మీద వేరే ఊళ్ళో ఉన్నాడు, వాళ్ళమ్మ చేలో ఉండి ఫోన్ ఎత్తలేదు, ఇంక నేనూ పీఈటీ సారూ వాడిని ఆటోలో ఎక్కించుకుని గుంటూరు పెద్ద సర్కారు ఆస్పత్రికి, అదే జీజీహెచ్‌కి తీసుకెళ్ళాం. ఎక్స్‌రే, కట్టు అన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. బయట చెట్టు కింద కూర్చుని బిస్కెట్లు తింటూ వాడు ఎదురుగా ఉన్న బిల్డింగ్ మీది పేరు కూడబలుక్కుని చదివి "ఈయన ఎవరు మేడమ్, ఎమ్మెల్యేనా" అనడిగాడు. బిల్డింగ్ మీద పేరుందంటే అది లీడర్‌దే అయ్యుంటుందని వాడికి పదమూడేళ్ళకే అర్థమైపోయింది, వాడి తప్పేం లేదు, మనం చూపించిందే వాడు చూశాడు.

కాదురా, ఈ పక్కనే ఉన్న గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకుని అమెరికా వెళ్ళిన డాక్టర్లు ఉన్నారు, వాళ్ళంతా కలిసి జింకానా అని ఒక సంఘం పెట్టుకున్నారు, ఈ ఆస్పత్రికి వాళ్ళు డబ్బులిచ్చి బిల్డింగులు కట్టించారు అని చెప్పా. "వాళ్ళు అమెరికాలో ఉంటే వాళ్ళకి ఇక్కడ జ్వరమొస్తుందా మేడమ్, ఎందుకిచ్చారు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది కానీ ఆ ప్రశ్నకి జవాబు ఆటోలో ఇంటికొచ్చే దాకా చెప్తూనే ఉన్నా, ఇంకా అయిపోలేదు, అందుకే మీకు రాస్తున్నా.

గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో పెట్టారు. ఆ రోజుల్లో సర్కారు కాలేజీలో సీటొస్తే ఫీజు పెద్ద లెక్కలోది కాదు, రైతుల పిల్లలు, బడిపంతుళ్ళ పిల్లలు కూడా డాక్టర్లయ్యారంటే అందుకే. అంటే చదివించింది ఎవరు, మన ఊళ్ళవాళ్ళు కట్టిన పన్నులే కదా. అక్కడ 1965 బ్యాచ్‌లో చదువుకుని అమెరికా వెళ్ళి డాక్టర్‌గా స్థిరపడిన ఒక పెద్దావిడ 2022లో తన ఆస్తి సుమారు 20 కోట్ల రూపాయలు జీజీహెచ్‌లో తల్లీబిడ్డల బ్లాక్ కోసం ఇచ్చేశారు, మీరూ పేపర్లో చూసే ఉంటారు. ఆవిడని చూసి మిగతా డాక్టర్లు కూడా ముందుకొచ్చారు. ఆవిడ పేరు మీద కాకుండా పోయిన భర్త పేరు పెట్టాలనుకున్నారని చదివా, ఆ ముక్క దగ్గర నేను కాసేపు పేపర్ పక్కన పెట్టేశా.

యూనివర్సిటీలు తమ దగ్గర చదివి పైకొచ్చినవాళ్ళని పిలిచి సన్మానం చేస్తాయి, తెలుసుగా. మన ఆంధ్రా యూనివర్సిటీ 1926 ఏప్రిల్ 26న బెజవాడలో మొదలైంది (ఈ సంగతి మన పిల్లల్లో ఒక్కరికీ తెలీదు, అసెంబ్లీలో అడిగా, అందరూ వైజాగ్ అన్నారు, తర్వాత 1930లో వైజాగ్‌లోని వాల్తేరు వెళ్ళింది). వందేళ్ళలో అక్కడ చదివినవాళ్ళ పేర్లు రాస్తే మన హాజరు పట్టీలన్నీ చాలవు. ఇలాంటి సన్మానాలకి ఎవరిని ఎంచాలనే దగ్గర మంచి యూనివర్సిటీలు రెండు చూస్తాయి, ఆ మనిషి తన పనిలో ఎంత ఎదిగాడు, ఎదిగాక చుట్టూ ఉన్నవాళ్ళకి ఏం చేశాడు. కొన్నిచోట్ల రెంటికీ వేరువేరు అవార్డులే ఉంటాయి. మన స్కూళ్ళల్లో ఇలా చూసే కాలమ్‌లు ఎన్నున్నాయి చెప్పండి? ఒక్కటే, అదీ ఆరొందలకి ఎన్ని అని.

మొదటి కాలమ్, అంటే పనిలో ఎదగడం, తక్కువదని నేననను. స్టాటిస్టిక్స్‌లో, అంటే గణాంక శాస్త్రంలో పేరుమోసిన సి.ఆర్. రావు గారి సంగతే తీసుకోండి. నాన్న పోలీస్ ఇన్‌స్పెక్టర్, బదిలీల మీద బదిలీలు, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం అని ఊరూరూ తిరుగుతూ చదివారు, మన దగ్గర స్కూలు మారిస్తే పిల్లాడి చదువు పాడైపోతుందని బెంగపడేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎంఏ చేశారు, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే ఆ ఉద్యోగం రాలేదు, అక్కడే స్టాటిస్టిక్స్ నేర్పే చోటు ఒకటుందని తెలిసి అందులో చేరారు. ఆ రాని ఉద్యోగం వచ్చుంటే ఈయన పేరు ఇప్పుడు ప్రపంచమంతా పుస్తకాల్లో ఉండేది కాదేమో. పాతికేళ్ళ వయసులో, 1945లో రాసిన పేపర్ ఒకటి ఇప్పటికీ స్టాటిస్టిక్స్ చదివే ప్రతివాళ్ళూ చదవాల్సిందే. దాంతో మొదలైన పనికి స్టాటిస్టిక్స్‌లో పెద్ద అంతర్జాతీయ బహుమతి ఎప్పుడొచ్చిందంటే 2023లో, ఆయనకి 102 ఏళ్ళప్పుడు. ఆ ఆగస్టులోనే పోయారు. మనమేమో పొద్దున రాసిన యూనిట్ టెస్ట్ మార్కులు సాయంత్రం గ్రూపులో పెట్టలేదని మేసేజ్ మీద మేసేజ్, సరే పోనీండి.

ఆయన తన పుస్తకం ఒకటి వాళ్ళమ్మ లక్ష్మీకాంతమ్మ గారికి అంకితమిచ్చారు, రోజూ తెల్లారుజామున నాలుగింటికి లేపి నూనె దీపం వెలిగించి చదువుకోమని కూర్చోబెట్టేదని రాసుకున్నారు. ఇది చదివి రేపట్నుంచి పిల్లల్ని నాలుగింటికి లేపకండి దయచేసి. ఆ రోజుల్లో ఎనిమిదింటికల్లా పడుకునేవాళ్ళు, మనవాళ్ళు పదకొండింటిదాకా ఫోన్ చూసి నాలుగింటికి లేస్తే నా క్లాసులో నిద్రపోతారు, ఇప్పటికే వెనక బెంచీలో ఇద్దరున్నారు. నేను చెప్పేది ఆ దీపం సంగతి, ఆ టైమ్‌కి ఆవిడ కూడా లేచి ఉండేదన్న సంగతి.

ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్ అడోబీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీకి సీఈఓ అయ్యారు, ఆంధ్రా యూనివర్సిటీలో మెకానికల్ చదివిన రాజాం ఆయన గ్రంధి మల్లికార్జునరావు ఎయిర్‌పోర్టులే కట్టారు, ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు, వాట్సాప్‌లో రోజూ వస్తూనే ఉంటాయి. నాకు ఎక్కువ చెప్పాలనిపించేది రెండో కాలమ్, చుట్టూ ఉన్నవాళ్ళకి ఏం చేశారన్న దాని గురించి.

గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు గుంటూరులో వైద్యం చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో కంటి వైద్యం నేర్చుకుని, అమెరికాలో మంచి స్థితిలో ఉండి, అవన్నీ వదిలి వెనక్కొచ్చి 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి పెట్టారు. డబ్బు కట్టగలిగినవాళ్ళు కడతారు, కట్టలేనివాళ్ళకి ఉచితం, వైద్యం మాత్రం ఇద్దరికీ ఒకటే. మా అత్తగారికి శుక్లాల ఆపరేషన్ అలాంటి ఉచిత క్యాంపులోనే అయింది, అప్పట్లో మా దగ్గర డబ్బుల్లేవు, చెప్పుకోడానికి సిగ్గేం లేదు.

సంకురాత్రి చంద్రశేఖర్ గారి సంగతి పోయిన సోమవారం అసెంబ్లీలో చెప్పా. కెనడాలో బయాలజీ సైంటిస్టు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లాండ్ దగ్గర సముద్రం మీద బాంబు పేలి కూలిపోయింది, 329 మంది పోయారు, అందులో ఆయన భార్య మంజరి, కొడుకు శ్రీకిరణ్, కూతురు శారద, ఇల్లంతా ఒక్కరోజులో ఖాళీ అయిపోయింది. కొన్నేళ్ళు అక్కడే ఉండి చూశారు, తర్వాత ఉద్యోగం వదిలేసి కాకినాడ వైపు వచ్చేశారు. కూతురి పేరు మీద పల్లెటూరి పిల్లలకి బడి, కొడుకు పేరు మీద కంటి ఆస్పత్రి, ఫౌండేషన్‌కి భార్య పేరు. ఆయన కంటి డాక్టర్ కాదు, చూడండి, చదివింది వేరు, ఊళ్ళో అవసరం వేరు, అవసరం వైపే వెళ్ళారు. 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇది చెప్తే పిల్లలు కిక్కురుమనలేదు, మామూలుగా మైక్ పట్టుకుంటే వెనక లైన్లో గుసగుసలుంటాయి, ఆ రోజు అవీ లేవు. అయ్యాక ఆరో క్లాసు పాప ఒకతి నా దగ్గరకొచ్చి "ఆయన మళ్ళీ విమానం ఎక్కారా మేడమ్" అనడిగింది. ఇండియాకి రావాలంటే ఎక్కాలి కదమ్మా అన్నా. ఆ పాప తలూపి వెళ్ళిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నా, ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

ఇప్పుడు ఫ్లెక్సీ సంగతి. పోయినేడు టెన్త్ రిజల్ట్స్ రాగానే గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టించా, పై వరసలో ముగ్గురు, కింద వరసలో పదిమంది, ఫోటోలు, మార్కులు, చుట్టూ పూలు. కట్టించింది నేనే, వేరేవాళ్ళ మీద తొయ్యను. ఆ వారంలోనే గాలివాన వచ్చి స్కూల్ ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వైరు తెగింది. లైన్‌మన్ వచ్చాడు, చూస్తే మన పాత స్టూడెంటే, నా క్లాసులో రెండేళ్ళు వెనక బెంచీ. స్తంభం దిగి చెమట తుడుచుకుంటూ ఫ్లెక్సీ వైపు చూసి "మా బ్యాచ్ ఫోటో ఎక్కడ పెట్టారు మేడమ్" అని నవ్వాడు. సరదాకే అన్నాడు. నేనూ నవ్వేశా, కానీ జవాబు లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి బెజవాడ మునిగినప్పుడు డ్యూటీ మీద వెళ్ళి నడుంలోతు నీళ్ళల్లో పనిచేసొచ్చాడని, వారంపాటు ఇంటికి రాలేదని వాళ్ళమ్మ తర్వాత చెప్పింది. వాడికి టెన్త్‌లో ఎన్నొచ్చాయో రిజిస్టర్ తీసి చూశా. చెప్పను.

అందుకని ఈ ఏడు యానివర్సరీకి కొంచెం మార్పు చేస్తున్నాం. ర్యాంకుల ఫ్లెక్సీ ఉంటుంది, పిల్లలు కష్టపడ్డారు, వాళ్ళ సంతోషం తీసెయ్యను, కానీ సైజు సగానికి తగ్గుతుంది. పక్కన మిగిలిన సగంలో మన పాత స్టూడెంట్లు ఐదుగురు. బాగా చదివి పెద్ద ఉద్యోగంలో ఉండి ఊరికి ఏదైనా చేస్తున్నవాళ్ళు ఉండొచ్చు, ఊళ్ళోనే ఉండి చిన్న ఉద్యోగంలో పదిమందికి పనికొచ్చేవాళ్ళు ఉండొచ్చు, ఏఎన్ఎం కావచ్చు, రక్తదానానికి అర్ధరాత్రి ఫోన్ చేసినా వచ్చేవాళ్ళు కావచ్చు. ఎవరిని పిలవాలో నేను డిసైడ్ చెయ్యను, నాకు ముందు బెంచీవాళ్ళే ఎక్కువ గుర్తుంటారు, అది నా జబ్బు. రిటైరైన లెక్కల సారు, పేరెంట్స్ నుంచి ఇద్దరు, టెన్త్ పిల్లలు ఇద్దరు కూర్చుని ఎంచుతారు. మీ పిల్లల డైరీలో ఒక చీటీ పంపుతున్నాం, మీకు తెలిసిన పేరు, ఏం చేశారో నాలుగు లైన్లు, అంతే. "సంఘసేవకుడు, మంచి మనిషి" అని రాస్తే పనికిరాదు, ఏం చేశాడో రాయండి, ఎప్పుడు చేశాడో రాయండి. మీ బావమరిది పేరు రాసినా పర్లేదు, కాకపోతే పక్కింటివాళ్ళు కూడా అవునంటారా అని కమిటీ అడిగి తెలుసుకుంటుంది. పార్టీ పదవిలో ఉన్నవాళ్ళ పేర్లు మాత్రం వద్దు, వాళ్ళకి ఫ్లెక్సీల కొరత ఎటూ లేదు. స్కూల్‌కి డొనేషన్ ఇచ్చినంత మాత్రాన ఈ లిస్టులో పేరు రాదు, ఇవ్వనంత మాత్రాన పోదు.

శాలువాలు కప్పం, ఎవరింట్లో చూసినా బీరువాలో అవే. అడ్మిషన్ రిజిస్టర్‌లో వాళ్ళు చేరిన రోజు పేజీ, వాళ్ళ నాన్న సంతకమో వేలిముద్రో ఉంటుంది కదా, అది కాపీ తీయించి ఫ్రేమ్ కట్టించి ఇస్తాం. పాత రిజిస్టర్లు చెదలు పట్టకుండా దాచిన మన అటెండర్‌కి ఈ సందర్భంగా థ్యాంక్స్ చెప్పాలి. ఇంకోటి, పరిచయం నేను చదవను, తొమ్మిదో క్లాసు పిల్లలు ముందే వాళ్ళ దగ్గరకెళ్ళి మాట్లాడి రాసుకొచ్చి వాళ్ళే చదువుతారు. తెలుగు టీచర్ తప్పులు దిద్దుతానన్నారు, ఎక్కువ దిద్దొద్దని చెప్పా.

చీటీలు సంక్రాంతి సెలవులకి ముందే అందాలి, తర్వాతైతే ఎవరికీ గుర్తుండదు. చెయ్యి విరిగిన పిల్లాడికి కట్టు విప్పారు, బానే ఉన్నాడు, ఇంకో నెల కబడ్డీ వద్దన్నారు కాబట్టి వాడు గేటు దగ్గర నిలబడితే లోపలికి పంపండి.

లైన్‌మన్ పేరు నేను కమిటీకి ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా, కానీ పదో క్లాసు పిల్లలు నాకు చెప్పకుండా వెళ్ళి అడిగొచ్చారట, యానివర్సరీ రోజు ఎక్కడా కరెంటు పోకపోతే వస్తానన్నాడంట.

ఇట్లు
మీ హెడ్‌మిస్ట్రెస్