రేవు గోడ మెట్ల వరుస కాదు

సంపాదకులకు,

చెన్నై ఎడిషన్ విజ్ఞాన పేజీలో ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టులకు చోటిస్తున్నారు, సంతోషం. చెన్నై చేపల రేవు కాసిమేడు లాంటి చోట అలల కదలికను చూపే రంగుల బొమ్మల గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. నీటిని గడులుగా విడదీసి, ఒక్కో గడికీ కంప్యూటర్‌తో లెక్కవేసి గీసే బొమ్మలివి. గడి చిన్నదైన కొద్దీ లెక్క నిజానికి దగ్గరవుతుందన్న నమ్మకం వంకర అంచుల దగ్గర పూర్తిగా నిలబడదు.

చదరపు గడులతో ఏటవాలు గోడను గీస్తే మెట్లొస్తాయి. గోడ 45 డిగ్రీల వాలులో ఉంటే మెట్ల మొత్తం పొడవు అసలు గోడకు 1.414 రెట్లు. గడి 10 మీటర్లున్నా 10 సెంటీమీటర్లున్నా అంతే! ఆ పొడవుతో గోడ రాపిడిని లెక్కిస్తే 41 శాతం ఎక్కువొస్తుంది. గడి కొలతను సగం చేస్తే పని ఎనిమిదింతలవుతుంది, మెట్ల వల్ల వచ్చే తప్పు మాత్రం మహా అయితే సగానికి తగ్గుతుంది.

అందుకే గోడ గీత వెంబడే గడిని కోస్తారు. అసలు చిక్కు అక్కడే. 10 మీటర్ల లోతులో అల వేగం సెకనుకు 9.9 మీటర్లు. 5 మీటర్ల గడులకు, రెండు దిశల లెక్కలో, టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిగే కాలం) 0.35 సెకన్లు దాటకూడదు; ఒక స్టెప్‌లో అల గడిని దాటిపోకూడదని 1928లో గణితవేత్తలు కూరంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ చెప్పిన షరతు ఇదే. కోతలో 5 సెంటీమీటర్ల పీలిక మిగిలిందా, స్టెప్ నూరో వంతుకు పడిపోవాలి. పాత స్టెప్పే ఉంచితే ఆ పీలిక దగ్గర మొదలై అంకెలు పేలిపోతాయి. పిల్లలు ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ వారాలు పోగొట్టుకుంటారు. సగం కన్నా చిన్న ముక్కను పక్క గడిలో కలిపేస్తే చాలు. చదరాల బదులు త్రిభుజాల మెష్ (గడుల వల) వాడేవారికీ ఇదే జాగ్రత్త: సూదిలాంటి త్రిభుజం ఒక్కటున్నా దాని అతి చిన్న ఎత్తే స్టెప్‌ను శాసిస్తుంది.

లెక్క ఆగిపోయే సముద్రం వైపు అంచు ఇంకో సంగతి. అలను బయటికి వదిలే సాదా షరతు ఎదురుగా తాకే అలకే సరిపోతుంది. అంచుకు గీసిన లంబానికి 60 డిగ్రీల వాలులో వచ్చిన అల ఎత్తులో మూడో వంతు వెనక్కి తిరిగొచ్చి, రేవులో లేని అలజడి పుట్టిస్తుంది. అక్కడ 15, 20 గడుల మందాన, అలను క్రమంగా మింగే పొర పెట్టాలి.

బొమ్మ అచ్చువేసే ముందు ఒక పరీక్ష అడగండి. 200 మీటర్ల వ్యాసార్ధం, 10 మీటర్ల లోతున్న గుండ్రటి మూసిన రేవులో, నీరు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊగే అతి నెమ్మది ఊపుకు 69 సెకన్లు పట్టాలి. అదే ప్రోగ్రాంతో, 10 మీటర్ల గడులతో ఒకసారి, 5 మీటర్ల గడులతో ఒకసారి ఎంతొచ్చిందో బొమ్మ కింద రెండు అంకెలు వేయించండి.

– ఇద్దరు గణిత అధ్యాపకులు, చెన్నై