లారీ ఆగిపోతే దిగేదెవరు?

సంపాదకుల వారికి,

అమెరికాలో డ్రైవర్ లేని లారీల గురించి మీరు వేసిన వార్త మా లారీ ఆఫీసు దగ్గర అందరం చదివాం. వాటికి నిద్ర రాదు, చీకట్లో మనకంటే దూరం చూస్తాయి అంటున్నారు. ఒప్పుకుంటాను. తెల్లవారుజామున అన్నవరం దాటాక రెప్పలు ఎలా వాలిపోతాయో మాకు తెలుసు. నా భయమల్లా అవి ఆగినప్పటి గురించే.

నేను భీమవరం వైపు నుంచి విశాఖకు రొయ్యల లోడు తోలతాను. రాత్రిపూట బండి ఆగిపోతే ముందు దిగేది క్లీనర్. టార్చిలైటు పట్టుకుని వెనక్కి పరిగెత్తి, దూరంగా రాళ్లు, కొమ్మలు పెట్టి, వచ్చేవాళ్లకు చెయ్యి ఊపుతాడు. ఆ ఒక్క పని జరక్కే ఎంతమంది మోటారుసైకిళ్ల వాళ్లు ఆగి ఉన్న లారీల కిందికి పోయారో హైవే పక్క ఊళ్లను అడగండి.

అమెరికాలో లారీ ఆగిన పది నిమిషాల్లో వెనక హెచ్చరిక త్రికోణాలు పెట్టాలని రూలుంది. మనిషి లేని లారీలో పెట్టేదెవరు? బండి మీదే లైట్లు వెలిగిస్తాం, మినహాయింపు ఇవ్వండని రెండు కంపెనీలు అడిగితే 2024 డిసెంబర్‌లో అక్కడి ప్రభుత్వం మొదట కాదంది. 2025లో డల్లాస్, హ్యూస్టన్ మధ్య మనిషి లేకుండా లారీ నడిపిన అరోరా కంపెనీ కూడా, లారీ తయారీదారు కోరడంతో కొద్ది వారాలకే సీట్లో మళ్లీ ఒక మనిషిని కూర్చోబెట్టింది.

ఏదైనా అనుమానం వస్తే ఈ బండ్లు పక్కకు తీసి ఆగిపోతాయట. మా డెల్టాలో ఆ పక్క ఎక్కడుంది? చాలా రోడ్లు కాలువ గట్లే. ఒకవైపు కాలువ, రెండోవైపు చేపల చెరువు. వానాకాలం లోడు బండి మార్జిన్ దిగితే టైరు దిగబడి ఒరిగిపోతుంది. దాళ్వా కోతలప్పుడు ఆ మార్జిన్ కూడా ఉండదు, ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఇక బండి రోడ్డు మధ్యలోనే ఆగాలి. 2022 ఏప్రిల్‌లో అరిజోనాలో ఇలాంటి లారీ ఒకటి దాని కంప్యూటర్‌లో ఉండిపోయిన పాత ఆదేశాన్ని పట్టుకుని ఒక్కసారిగా ఎడమకు తిరిగి సిమెంటు గోడను గుద్దింది. అక్కడ గోడ ఉంది. మా గట్టు మీద అయితే కాలువలోకే.

డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి కాబట్టి డ్రైవర్ లేని కార్లను రానివ్వనని గడ్కరీ గారు 2023లో అన్నారు. ఆ మాట మాకు ధైర్యం ఇచ్చింది. కానీ మంత్రులు మారతారు, మాటలూ మారతాయి. రేపు ఏ కంపెనీ అయినా కాకినాడ పోర్టు రోడ్డులో ట్రయల్ వేస్తానంటే, ముందు వానలో మా గట్టు రోడ్డు మీద లోడు బండిని ఆపి చూపించమనండి. పది నిమిషాల్లో దాని వెనక ఎవరు వచ్చి నిలబడతారో కాగితం మీద రాసి ఇవ్వమనండి.

ఇట్లు,
ఒక లారీ డ్రైవర్,
పాలకొల్లు.