వృత్తి మారేవారికి ఐటీ సర్టిఫికేషన్ శిక్షణ: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వేరే రంగాల నుంచి ఐటీలోకి రావాలనుకునే సభ్యుల కోసం మన సంఘం నడుపుతున్న తరగతుల నివేదిక ఇది. హాజరు, జమాఖర్చుల పట్టికలు సర్వసభ్య సమావేశంలో విడిగా ఇస్తాం. చదువు ఎలా సాగింది, ఎక్కడ చిక్కుపడింది అన్నవరకే ఇక్కడ రాస్తున్నాం.

ఈ ఏడాది ముందుగా సర్దుకోవాల్సి వచ్చింది సిలబస్ మార్పుతోనే. కాంప్‌టియా సంస్థ ఇచ్చే తొలిమెట్టు ఐటీ సర్టిఫికెట్ ఏ ప్లస్‌కు పాత పేపర్లు 220-1101, 220-1102 సెప్టెంబరు 25తో ఆగిపోయాయి. వాటి బదులు 220-1201, 220-1202 మార్చిలోనే వచ్చేశాయి. సర్టిఫికెట్ రావాలంటే రెండు పేపర్లూ ఒకే సిరీస్‌వి అయి ఉండాలి. పాత సిరీస్‌లో ఒక పేపరు గట్టెక్కి, రెండోది గడువులోగా రాయనివారికి ఆ పాసు ఇక అక్కరకు రాదు. కొత్తవి రెండూ రాయాల్సిందే. పుస్తకం కొనేముందు అట్టమీద సిరీస్ నంబరు చూసుకోండి. సగం ధరకు దొరికేవి చాలావరకు పాతవే.

ఎక్కువ సమయం పట్టింది ల్యాబ్‌కు. ఒక కంప్యూటర్‌లోనే వేరే కంప్యూటర్లు నడిపించే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాంలో రెండు మెషిన్లు పెట్టి ఒకదాన్నుంచి ఇంకొకదానికి పింగ్ చేయడం (జవాబు వస్తుందా అని చిన్న సందేశం పంపి చూడడం) మొదటి అభ్యాసం. చూడ్డానికి చిన్న పనే, కానీ దాదాపు ప్రతి బ్యాచ్ ఇక్కడే ఆగింది. కారణాలు వరసగా ఇవి. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉంటే మెషిన్ అసలు లేవదు. లేచాక నెట్‌వర్క్ 'న్యాట్' మోడ్‌లోనే (ఒక్కో మెషిన్ విడిగా బయటి నెట్‌కు వెళ్లే పద్ధతిలో) వదిలేస్తే రెండింటికీ 10.0.2.15 అనే ఒకే అడ్రస్ వస్తుంది, ఒకటి ఇంకొకదానికి కనిపించదు. సరే అని 'ఇంటర్నల్ నెట్‌వర్క్'కు మారిస్తే అక్కడ అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ ఉండదు కాబట్టి విండోస్ తనంతట తాను 169.254తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుంటుంది. చేత్తో 192.168.10.70, 192.168.10.77 అని ఇచ్చి, మాస్క్ (అడ్రస్‌లో నెట్‌వర్క్ భాగం ఎంతో చెప్పేది) రెండింటికీ 255.255.255.192 పెట్టాం. అయినా విండోస్ మెషిన్ జవాబివ్వదు, దాని ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపుతుంది గనక. ఆ ఒక్క రూల్ తెరవాలి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేసే అలవాటు మాత్రం వద్దు.

ఇదే ఉదాహరణతో సబ్‌నెట్ లెక్క (నెట్‌వర్క్‌ను చిన్న బ్లాకులుగా విడదీసే లెక్క) కూడా నేర్పాం. 256 నుంచి మాస్క్ చివరి సంఖ్య 192 తీస్తే 64. అంటే బ్లాకులు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. అడ్రస్ చివర ఉన్న 77 పడేది 64 బ్లాకులో. నెట్‌వర్క్ అడ్రస్ 64, బ్రాడ్‌కాస్ట్ (బ్లాకులో అందరికీ ఒకేసారి పంపే అడ్రస్) 127, మధ్యలో వాడుకోదగ్గవి 62. పట్టిక కంఠతా పట్టినవారికన్నా ఈ తీసివేత పట్టుబడినవారే పరీక్షలో త్వరగా తేల్చేస్తున్నారు.

ల్యాబ్‌లో ఏది చెడినా టికెట్ (సమస్య నమోదు పత్రం) రాయించాం: లక్షణం, చూసినవి, కారణం, చేసిన మార్పు, సరయిందని ఎలా తేల్చారు. హెల్ప్‌డెస్క్ ఇంటర్వ్యూలో అడిగేది దాదాపు ఇదే. కస్టమర్లతోనో ఖాతా పుస్తకాలతోనో ఏళ్లు గడిపినవారికి ఈ రాత ఇట్టే అబ్బుతుంది. పాత ఉద్యోగాన్ని రెజ్యూమేలో దాచుకోవాల్సిన పనిలేదు.

పరీక్ష సంగతి. ఏ ప్లస్ పేపరుకు 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. పాస్ మార్కు మొదటి పేపరుకు 675, రెండోదానికి 700. స్కేలు 100 నుంచి 900 కాబట్టి దీన్ని శాతంగా లెక్కేసుకోవద్దు. చేసి చూపించాల్సిన ప్రశ్నలు సాధారణంగా మొదట్లోనే వస్తాయి. వాటికి గుర్తు పెట్టి, దాటేసి చివర్లో చేయడం మేలు. సిస్కో సంస్థ నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్ఏలో ఈ వెసులుబాటు లేదు, దాటిన ప్రశ్నకు వెనక్కి రానివ్వరు. లీకైన ప్రశ్నల 'డంప్స్' జోలికి పోవద్దని మళ్లీ చెబుతున్నాం: బయటపడితే సర్టిఫికెట్ రద్దవుతుంది, బయటపడకపోతే ఇంటర్వ్యూలో పట్టుబడతారు.

ఇంటినుంచి రాసేవారికి ఆఫీసు ల్యాప్‌టాప్ పనికిరాదు, దాని వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే ప్రోగ్రాం), సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పరీక్ష ప్రోగ్రాంకు అడ్డుపడతాయి. ప్రశ్న పైకి చదివే అలవాటున్నా, కెమెరా ముందునుంచి లేచినా పరీక్ష ఆపేయవచ్చు. వీలున్నవారు సెంటరుకు వెళ్లడమే నయం. నమోదులో పేరు గుర్తింపు కార్డు మీద ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరాలా పూర్తిగానా అన్నది మనవాళ్ల విషయంలో తరచూ తేడా కొడుతుంది.

గడువులు కూడా చూసుకోండి. కాంప్‌టియా సర్టిఫికెట్లు ఏ ప్లస్, నెట్‌వర్క్ ప్లస్, సెక్యూరిటీ ప్లస్ మూడేళ్లకు ముగుస్తాయి. గడువులోగా సెక్యూరిటీ ప్లస్ పాసైతే కింది రెండూ దాంతోపాటే పొడిగింపు పొందుతాయి. మైక్రోసాఫ్ట్ అసోసియేట్ స్థాయివి ఏడాదికే ముగుస్తాయి, ఆలోగా ఆన్‌లైన్‌లో ఉచితంగా పునరుద్ధరించుకోవచ్చు.

వచ్చే ఏడాది క్లౌడ్ తరగతి మొదలుపెడతాం, నెట్‌వర్కింగ్ ల్యాబ్ పూర్తిచేసినవారికి మాత్రమే. ల్యాబ్‌కు ల్యాప్‌టాప్‌లు చాలడం లేదు. 8 జీబీ ర్యామ్, పనిచేసే ఛార్జర్ ఉన్నవి ఎవరి దగ్గరైనా ఖాళీగా ఉంటే ఇవ్వగలరు. ఇచ్చేముందు మీ ఖాతాలనుంచి సైన్ ఔట్ అయి, ఫైళ్లు తుడిచి, బయోస్ పాస్‌వర్డ్ ఉంటే తీసేయండి.

— శిక్షణ ఉపసంఘం